మడమ ముల్లు

మా ఇంట్లో 11 స్పర్లున్నాయి. గుర్రం లేదు. ఉండే అవకాశం కూడా లేదు, మాది కొండాపూర్‌లో నాలుగో అంతస్తు ఫ్లాటు. ఇంటికొచ్చినవాళ్ళు పుస్తకాల అరలో ఉన్న చెక్కపెట్టెని చూసి చెస్ బోర్డనుకుని తెరుస్తారు. లోపల నల్లబడ్డ ఇనుము, అక్కడక్కడా ఇత్తడి. ఒకాయన "పాతకాలం కత్తెరలా?" అని అడిగాడు. మా అమ్మైతే మొదటిసారి చూసినప్పుడు, "పాత ఇనుప సామాన్లవాడికి వేసేవి ఇంగ్లండు నించి మోసుకొచ్చావా నాయనా?" అంది.

అమ్మకి వివరించబోతే మాట దొరకలేదు. జీను, కళ్ళెం, రికాబు, లాడం, కొరడా, అన్నిటికీ మాటలున్నాయి. గుర్రాన్ని పరిగెత్తించడానికి బూటు మడమకి కట్టుకునే ఈ ముల్లుకి మాత్రం నాకు తెలిసిన తెలుగులో పేరు లేదు. అందులో వింతేమీ లేదనుకుంటా. స్పర్ ప్రధానంగా యూరప్ వస్తువు. మంగోలు రౌతులు సగం ప్రపంచాన్ని గెలిచింది చేతిలో కొరడాతోనే తప్ప మడమకి ముల్లుతో కాదు. చివరికి "మడమకి కట్టుకునే ముల్లమ్మా, గుర్రం డొక్కలో పొడవడానికి" అన్నాను. అమ్మ ఒక్క క్షణం ఆలోచించి, "మీ తాత ముల్లుగర్రలాంటిదన్నమాట" అంది. తర్వాత నేను చదివిన పుస్తకాలేవీ అంత తేలిగ్గా చెప్పలేదు.

ఈ పిచ్చి లీడ్స్‌లో మొదలైంది. ప్రాజెక్టు పని మీద అక్కడ మూడేళ్ళున్నాను. ఆ ఊళ్ళో రాయల్ ఆర్మరీస్ మ్యూజియం ఉంది, టిక్కెట్టు లేదు, లోపల వెచ్చగా ఉంటుంది. చలికాలం శనివారాలు గడపడానికి ఇంతకన్నా ఏం కావాలి? అక్కడ భారతీయులందరూ ఆగేది ఏనుగు కవచం దగ్గర. మొఘలుల కాలం నాటి నిజమైన ఏనుగు కవచం. మద్రాసు గవర్నరు ఎడ్వర్డ్ క్లైవ్ భార్య దాన్ని సంపాదించింది, 1801లో ఓడ మీద ఇంగ్లండు చేరింది. నేనూ చాలా శనివారాలు దాని ముందు నిలబడ్డాను, మన సొమ్మే కదా అన్న ఉక్రోషంతో. ఒకరోజు దాన్ని దాటుకుని గుర్రపు కవచాల వైపు వెళ్ళి, ఒక ఉక్కు పాదం మడమ దగ్గర ఆగిపోయాను. అంత పెద్ద గుర్రం, అంత బరువు ఉక్కు, ఆ మొత్తాన్ని కదిలించేది ఈ వేలెడు ముల్లా అనిపించింది.

ఆ తర్వాతి నెలలో ఒక ఆదివారం సంతలో, తుప్పు పట్టిన తాళాల డబ్బాలో మొదటి స్పర్ దొరికింది. ఒంటిది, జత కాదు. 12 పౌండ్లు. అది పందొమ్మిదో శతాబ్దపు మామూలు సైనికుడిదని తర్వాత తెలిసింది. ఆ రోజు మాత్రం ఏదో క్రూసేడులో పోరాడిన వీరుడిదనుకుని కోటు జేబులో పెట్టుకుని, బస్సులో దారిపొడుగునా వేళ్ళతో తడుముతూ కూర్చున్నాను.

*

తెలియనివాళ్ళకి అన్ని స్పర్లూ ఒకలాగే కనిపిస్తాయి. మడమని చుట్టుకునే యూ ఆకారపు పట్టీ, దాని వెనక మెడ, మెడ చివర ముల్లు. కానీ ఈ మూడింటినీ చూసి కాలం చెప్పొచ్చు. పదకొండో శతాబ్దం నాటి బయూ టాపెస్ట్రీలో నార్మన్ రౌతుల మడమలకి ఉన్నవి ఒంటి ముల్లువి. రోమన్ల నించీ అంతే, ఒకే మొన. పదమూడో శతాబ్దంలో ఆ మొన స్థానంలో చిన్న ముళ్ళ చక్రం రావడం మొదలైంది. పద్నాలుగో శతాబ్దం గడిచేసరికి చక్రానిదే రాజ్యం. పదిహేనో శతాబ్దంలో మెడ విపరీతంగా సాగింది, కొన్నిటికి జానెడు పైనే. దానికి కారణం షోకు ఒక్కటే కాదు. పూర్తి ఉక్కు కవచం తొడుక్కుని, లోతైన జీనులో కాళ్ళు చాపుకుని కూర్చున్నవాడి మడమ గుర్రం డొక్కకి చాలా దూరంగా ఉంటుంది. ఆ దూరాన్ని మెడ పూడ్చాలి. కవచాలు పోయాక మెడ మళ్ళీ పొట్టిదయింది. పందొమ్మిదో శతాబ్దానికి సైనికాధికారులు బూటు మడమలోనే చిన్న లోహపు పెట్టె అమర్చుకుని, స్పర్‌ని అందులోకి నొక్కి బిగించుకునేవాళ్ళు. తోలు పట్టీ అక్కర్లేదు. నా దగ్గర అలాంటి జత ఒకటుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు యూఎస్‌బీ పోర్టే గుర్తొచ్చింది.

ఒకదాని మార్పు ఇంకోదాన్ని మారుస్తూ పోవడం ఇందులో నాకు నచ్చిన విషయం. కవచం మారితే జీను మారింది, జీను మారితే కూర్చునే తీరు మారింది, ఆ తీరు మారితే స్పర్ మెడ మారింది. పాత కోడ్‌లో ఒక వింత లైను కనిపిస్తే "ఇది ఎవడు రాశాడ్రా" అని తిట్టుకుంటాం. నాలుగు వెర్షన్లు వెనక్కి వెళ్తే దానికో కారణం ఉంటుంది.

నకిలీలు కూడా బోలెడు. పందొమ్మిదో శతాబ్దంలో మధ్యయుగాల మోజు పెరిగినప్పుడు కొత్తగా చేసి పాతవిగా అమ్మారు. ఇప్పటికీ యాసిడ్‌తో తుప్పు పట్టించి అమ్మేవాళ్ళున్నారు. గుర్తుపట్టడానికి ఒక పద్ధతుంది. పాతకాలపు ఇనుమును కొలిమిలో కాల్చి సుత్తితో కొట్టి చేసేవాళ్ళు, లోపల చిట్టెం పోగుల్లా సాగి మిగిలిపోయేది. అందుకే అది తుప్పు పట్టినప్పుడు పాత గుమ్మం చెక్కలాగా చారలు చారలుగా తింటుంది. కొత్త ఉక్కు అలా కాదు, మశూచి మచ్చల్లా గుంటలు పడుతుంది. చక్రం తిరిగే ఇరుసు దగ్గర కూడా చూడాలి. నిజంగా వాడిన స్పర్ అయితే ఆ రంధ్రం అరిగి కోలగా సాగుతుంది. నేను 90 పౌండ్లు పోసి కొన్న 'పదిహేనో శతాబ్దపు' స్పర్‌కి ఆ రంధ్రం ఇప్పటికీ గుండ్రంగానే ఉంది. అది కూడా పెట్టెలోనే ఉంది, నా తెలివికి గుర్తుగా.

మట్టిలో దొరికేవి ఎక్కువగా ఒంటివే. తోలు పట్టీ తెగి దారిలో పడిపోయినవి. ఇంగ్లండులో మెటల్ డిటెక్టర్లతో పొలాల్లో తిరిగేవాళ్ళకి ఇవి తరచూ దొరుకుతాయి, అలాంటివి నమోదు చేయడానికి 1997 నించి ప్రభుత్వ పథకమొకటి నడుస్తోంది. ఒక్క స్పర్‌తో ఏం చేస్తారని నేను మొదట్లో అనుకునేవాణ్ణి. శామ్యూల్ బట్లర్ దానికి పదిహేడో శతాబ్దంలోనే జవాబిచ్చాడు. ఆయన హుడిబ్రాస్ కావ్యంలో నాయకుడు ఒకే స్పర్ కట్టుకుంటాడు, గుర్రం ఒక పక్క కదిలితే రెండో పక్క ఆగిపోదు కదా అని.

*

స్పర్ చరిత్రంతా పరువు చరిత్ర. నైట్ బిరుదు ఇచ్చేటప్పుడు మడమకి బంగారుపూత స్పర్లు కట్టేవాళ్ళు. పరువు తీసేటప్పుడు అవే నరికేసేవాళ్ళు. 1323లో కార్లైల్ ఎర్ల్ ఆండ్రూ హార్‌క్లేని రాజద్రోహం నేరం మీద చంపే ముందు, మొదట చేసిన పని అతని మడమల నించి స్పర్లు తెగ్గొట్టడం. ఇంగ్లండు రాజు పట్టాభిషేకానికి వాడే బంగారు స్పర్లు 1661లో చేయించినవి. అప్పటికి చక్రం వచ్చి 400 ఏళ్ళు, అయినా అవి ఒంటి ముల్లువే. పరువుకి ఎప్పుడూ పాత ఫ్యాషనే కావాలి. 2023లో మూడో చార్లెస్ ముందుకి వాటినే తెచ్చారు, కాళ్ళకి కట్టలేదు.

ఇంకో కథ ఉంది, అది నాకు ఎక్కువ ఇష్టం. 1302 జులై 11న కోర్ట్రెయిక్ ఊరి బయట, వాగులు పారే బురద నేలలో, ఫ్లాండర్స్ నేతగాళ్ళూ చేతిపనులవాళ్ళూ కాలినడకన నిలబడి ఫ్రెంచి నైట్లను చితక్కొట్టారు. చచ్చిపోయిన దొరల కాళ్ళ నించి బంగారుపూత స్పర్లు ఊడదీసి ఊరి చర్చిలో వేలాడదీశారు. 500 జతలని చెబుతారు. ఆ యుద్ధం పేరే బంగారు స్పర్ల యుద్ధం. 80 ఏళ్ళ తర్వాత, 1382లో ఇంకో యుద్ధం గెలిచిన ఫ్రెంచివాళ్ళు వచ్చి, ఊరు తగలబెట్టి స్పర్లు తీసుకుపోయారు. అయినా జులై 11 ఈనాటికీ బెల్జియంలో ఫ్లెమిష్ వాళ్ళ పండగరోజు.

ఇంగ్లీషులో పేరు నిలబెట్టుకోవడాన్ని స్పర్లు సంపాదించుకోవడం అంటారు. క్రెసీ యుద్ధంలో, 1346లో, 16 ఏళ్ళ కొడుకు చిక్కుల్లో పడ్డాడని కబురొస్తే మూడో ఎడ్వర్డ్ సాయం పంపలేదట, స్పర్లు వాడే సంపాదించుకోనివ్వమన్నాడట. చరిత్రకారుడు ఫ్రోసార్ రాసిన ఈ కథ తండ్రులందరికీ భలే నచ్చుతుంది. మా నాన్నకి ఫ్రోసార్ తెలీదు గానీ ఆయన దగ్గర ఇదే అర్థంలో ఒక సామెత ఉండేది: రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుంది.

*

నేను ఇంటర్ చదివింది ఒక రెసిడెన్షియల్ కాలేజీలో. పొద్దున ఐదింటికి గంట, రాత్రి పదిన్నరకి గంట. ప్రతి ఆదివారం పరీక్ష, సోమవారం గోడ మీద ర్యాంకులు. ఆదివారం సాయంత్రం నాన్న ఫోన్ చేసేవాడు. హాస్టల్ వార్డెన్ గదిలో వరసలో నిలబడి నా వంతు రాగానే రిసీవరు పట్టుకుంటే, మొదటి మాట "ఎంత?" తిన్నావా అని అమ్మ అడగాలి, నాన్న వంతు అయ్యాక. నా పక్క మంచం కుర్రాడు రెండో ఏడు మధ్యలో ఇంటికెళ్ళి మళ్ళీ రాలేదు. వాడి ట్రంకు పెట్టె మాత్రం నెలరోజులు మంచం కిందే ఉంది.

నాకు మంచి ర్యాంకొచ్చింది. ఇంజినీరింగు, ఉద్యోగం, లీడ్స్, ఈ ఫ్లాటు, ఈ స్పర్లు, అన్నీ దాని తర్వాతివే. కాబట్టి "అలా పొడవకపోతే నేనేమయ్యేవాణ్ణి?" అన్న ప్రశ్నకి నా దగ్గర నిజాయితీగా చెప్పగల జవాబు లేదు. ఏమీ కాకపోయేవాణ్ణేమో. బావుండేవాణ్ణేమో.

పుస్తక సమీక్షలు రాసే అలవాటుంది కాబట్టి కనిపించిన ప్రతిదానికీ ప్రతీకార్థం అంటగట్టే రోగం నాకుంది. అందుకే స్పర్లనీ నా చదువునీ కలిపి చూడకూడదని చాలాకాలం గట్టిగా అనుకున్నాను. ఇనుముని ఇనుముగా చూడు, తుప్పు తుడువు, మైనం పూయి, చాలు.

లీడ్స్‌లో ఉండగానే ఒకసారి గుర్రపుస్వారీ పాఠానికి వెళ్ళాను. ఇన్ని స్పర్లు పోగేసి గుర్రమెక్కకపోతే బాగుండదని. ఊటీలో ఫొటో కోసం ఎక్కింది లెక్కలోకి రాదు. నేర్పించే ఆవిడకి అరవై దాటి ఉంటాయి. ఆవిడ బూట్లకి చిన్న మొద్దు స్పర్లున్నాయి. నాకూ ఒక జత ఇస్తారా అని అడిగాను. నవ్వి, ముందు ఎక్కమంది. పది నిమిషాలు గుర్రాన్ని చుట్టూ తిప్పించి, నా కాళ్ళు చూసుకోమంది. చూసుకున్నాను. గుర్రం అడుగేసినప్పుడల్లా నా మడమలు దాని డొక్కకి తగులుతున్నాయి. నేను తగిలించాలని అనుకోవడం లేదు, బ్యాలెన్సు కోసం, భయంతో, వాటంతటవే తగులుతున్నాయి. "ఇప్పుడు వాటికి స్పర్లున్నాయనుకో, నువ్వు దానికి ఏం చెబుతున్నట్టు?" అని అడిగింది. కాలు కదలకుండా నిలబడటం వచ్చినవాడికే స్పర్ ఇస్తారు, ఎందుకంటే అది గట్టిగా పొడవడానికి కాదు, తక్కువగా చెప్పడానికి. ఆవిడ చెప్పిన సారాంశం ఇదీ. ఊరికే తగిలే మడమకి గుర్రం కొన్నాళ్ళకి మొద్దుబారిపోతుందట. అప్పుడు ఇంకా పదునైనది కావాలి. అది కూడా పని చేయని రోజొకటి వస్తుంది.

స్పర్లు సంపాదించుకోవడమనే మాటకి ఇలాంటి అర్థం కూడా ఉందని అప్పటిదాకా నాకు తట్టలేదు. సంపాదించుకోవాల్సింది గుర్రం కాదు, రౌతు.

ఇంటికొచ్చాక నా పెట్టెలోవాటిని మళ్ళీ చూశాను. అన్నిటికన్నా భయంకరంగా కనిపించేది చిలీ దేశపు స్పర్. దాని చక్రం చిన్న సాసర్ అంత ఉంటుంది, పళ్ళు 30 పైనే. వచ్చినవాళ్ళందరూ "అమ్మో, పాపం గుర్రం" అనేది దాన్ని చూసే. నిజానికి అది అరచేతి మీద దొర్లిస్తే గీత కూడా పడదు. పళ్ళు ఎక్కువ కావడంతో బరువు పంచుకుంటాయి. మొన్నెప్పుడో కొన్న ఒంటి ముల్లు స్పర్, చూడ్డానికి చెవిపోగులా ముద్దుగా ఉంటుంది, అది మాత్రం వేలు పెడితే రక్తం తీస్తుంది. జెనోఫోన్ క్రీస్తుకు పూర్వం నాలుగో శతాబ్దంలోనే గుర్రాల మీద పుస్తకం రాశాడు. బలవంతంగా చేయించిన పని గుర్రానికి అర్థం కాదనీ, నర్తకుణ్ణి కొరడాతో కొట్టి, ముల్లుతో పొడిచి ఆడిస్తే ఎంత అందంగా ఉంటుందో ఇదీ అంతేననీ అందులో అంటాడు. మనిషికి ఈ సంగతి తెలిసి 2300 ఏళ్ళు దాటింది.

*

మా అబ్బాయికి తొమ్మిదేళ్ళు. నేను వాణ్ణి కొట్టను. అరవను కూడా, ఎప్పుడో తప్ప. మా నాన్నలా "ఎంత?" అని అడగను. "ఎలా రాశావు నాన్నా?" అంటాను. "ఆ పక్క వింగ్ పాపకి ఒలింపియాడ్‌లో మెడల్ వచ్చిందట, తెలుసా?" అంటాను, మామూలుగా, ఇడ్లీ తింటూ. "టేబుల్స్ ఒకసారి చెప్పు" అంటాను లిఫ్టులో. నేను మోడరన్ తండ్రినని నా నమ్మకం.

నెలకొకసారి స్పర్లు బయటికి తీసి తుడుస్తాను. ఇనుముకి తేమ తగలకూడదు, వానాకాలంలో సిలికా జెల్ పొట్లాలు మార్చాలి, పల్చగా మైనం పూయాలి. పెట్టెని ఎవరూ ముట్టుకోకూడదని ఇంట్లో రూలు. మొన్న ఆగస్టులో అలాగే తీస్తుంటే, అడుగున పరిచిన ఆకుపచ్చ గుడ్డ కొంచెం ఉబ్బినట్టు కనిపించింది. తేమకేమో అని ఎత్తి చూశాను. నాలుగు మడతల కాగితాలు. లెక్కల టెస్టు పేపర్లు. 25కి 11, 25కి 9, 25కి 14. నాలుగోదాని మీద మార్కుల చోట ఎరేజర్‌తో రుద్ది రుద్ది కాగితం చిరిగిపోయింది. జూన్ నించి మూడు నెలలుగా అవి అక్కడున్నట్టున్నాయి. జులైలో పైపైన తుడిచి మూసేశాను, గుడ్డ ఎత్తలేదు.

వాణ్ణి పిలిచాను. కాగితాలు చూసి ఏడవలేదు. తప్పు దొరికిపోయినవాడిలా కూడా లేడు, అలసిపోయినవాడిలా ఉన్నాడు. ఇక్కడే ఎందుకు పెట్టావని అడిగాను. "అమ్మ ఈ పెట్టె ముట్టుకోదు. నువ్వు నెలకొకసారే తీస్తావు" అన్నాడు. నెలరోజులు. వాడికి కావలసింది అంతే, నెలరోజుల గడువు. నాకు ఆ హాస్టల్ గదిలో రిసీవరు పట్టుకునే ముందు వరసలో నలుగురు మిగిలి ఉంటే ఎంత హాయిగా ఉండేదో గుర్తొచ్చింది.

ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేశాను. సంగతి చెప్పలేదు. ఊరికే, తాత ముల్లుగర్ర గురించి అడిగాను. "ఆయన చేతిలో ఉండేది గానీ ఎద్దుని పొడవడం నేనెప్పుడూ చూళ్ళేదురా. తోక మీద చెయ్యేసి హెయ్ అంటే కదిలేవి. మేకు కూడా ఎప్పుడో ఊడిపోతే మళ్ళీ కొట్టించలేదు" అంది. మరి నాన్నెందుకలా ఉండేవాడని అడగబోయి ఆగాను. అమ్మే అంది, "మీ నాన్నకి భయం ఎక్కువ. పొలం వదిలి వచ్చాం కదా, నువ్వు ఎక్కడ జారిపోతావోనని రాత్రుళ్ళు నిద్రపోయేవాడు కాదు."

భయంతో, బ్యాలెన్సు కోసం, వాటంతటవే తగిలే మడమలు.

ఇది చదివి నేను మారిపోయానని అనుకోకండి. స్పర్లు అమ్మేయలేదు. వాటి తప్పేమీ లేదు, పైగా ఇంకోటి చూసి పెట్టుకున్నాను, టెక్సస్ కౌబాయ్ స్పర్, చక్రం పక్కన చిన్న లోహపు బిళ్ళలు వేలాడుతూ నడుస్తుంటే గజ్జెల్లా మోగుతుంది. లెక్కలకి మా ఆవిడ ఒక టీచర్ని చూసింది, వారానికి రెండ్రోజులు. పెట్టెని ముట్టుకోకూడదన్న రూలు తీసేశాను. ఇప్పుడు తుడిచే పని వాడూ నేనూ కలిసి చేస్తున్నాం. వాడికి చిలీది ఇష్టం, టేబుల్ మీద దొర్లిస్తూ ఎంత దూరం పోతుందో స్కేలుతో కొలుస్తాడు.

పోయిన వారం వాడు ఒక టెస్టు పేపర్ తెచ్చి నా లాప్‌టాప్ పక్కన పెట్టాడు. ఎవరూ అడక్కుండానే. 25కి 16. నేను దాన్ని చూసి, "బావుంది నాన్నా" అన్నాను. అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. "ఏడో లెక్క నీకు వచ్చిందే కదా?" అన్నాను. వాడు ఏమీ అనలేదు. కాగితం తీసుకుని లోపలికెళ్ళాడు.

కాసేపటికి వెళ్ళి చూస్తే, ఏడో లెక్క మళ్ళీ చేస్తున్నాడు. తలుపు దగ్గర నిలబడ్డాను. ఏమీ మాట్లాడకుండా ఎంతసేపు నిలబడగలనో చూద్దామని.